ఆజ్ఞయు ఆచరణయు
(కర్మాగారములలో విద్యుత్ యాక్చుయేటరును సరిచూచు విధము)

పెద్ద కర్మాగారమును చూడబోయిన వారికి మొదట కనుల బడునవి గొట్టములు. ఒకదానిలో నీరు, మరియొకదానిలో ఆవిరి, వేరొకదానిలో నూనె ప్రవహించుచుండును. ఏ గొట్టములో ఎంత ప్రవహింపవలెనో నిర్ణయించునవి వాల్వులు. పూర్వము ముఖ్యమైన వాల్వు కడ ఒక మనుష్యుడు నిలిచి యుండెడివాడు. మేస్త్రీ దూరమునుండి "సగము తెరువు" అని కేక వేసినచో అతడు చక్రమును త్రిప్పెడివాడు. యంత్రముల చప్పుడులో ఆ కేక వినబడక పోవచ్చును. వినబడినను, మేస్త్రీ మనసులోని సగము ఒకటి, చక్రము త్రిప్పువాని చేతిలోని సగము మరియొకటి కావచ్చును. ఈ రెండు సగములను ఒకటిగా చేయుట ఎట్లు? నేటి మన ప్రసంగమునకు విషయ మిదియే.

ఇప్పుడు ఆ మనుష్యుని స్థానమున అనేక కర్మాగారములలో విద్యుత్ యాక్చుయేటరు అను యంత్రము పనిచేయుచున్నది. అది వాల్వు నెత్తిన బిగించిన ఒక లోహపు పెట్టె. దాని మూత విప్పి చూచినచో లోపల ఒక మోటారు కనబడును. మోటారు వేగముగా తిరుగును. వాల్వు మెల్లగా, బలముగా తిరుగవలెను. కావున ఆ రెంటికిని నడుమ పళ్ళచక్రములు ఉండును. వాల్వు కొస ముట్టినప్పుడు మోటారును ఆపుటకు లిమిట్ స్విచ్చి లుండును. ఏదైన అడ్డుపడి, త్రిప్పు బలము మితిమీరినప్పుడు మోటారును ఆపుటకు టార్కు స్విచ్చి యుండును. వీనితో పాటు, వాల్వు ఎంత తెరచుకొన్నదో తెలుపుటకు ఒక పొటెన్షియోమీటరు సాధారణముగా నుండును. ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. త్రిప్పుడు మీట గల రేడియోలో ధ్వనిని హెచ్చించి తగ్గించునది ఇట్టి సాధనమే. విద్యుత్తు పోయినప్పుడు చేతితో త్రిప్పుకొనుటకై పెట్టె ప్రక్కన ఒక చేతి చక్రము కూడ అమర్చుదురు. పాత మనుష్యుని జ్ఞాపక చిహ్నముగా ఆ చక్రము ఇంకను నిలిచియున్నది.

ఇక ఆజ్ఞ సంగతి. కంట్రోలు రూమునుండి వాల్వు వరకు రెండు సన్నని తీగలు వచ్చును. వానిలో ప్రవహించు స్వల్పమైన విద్యుత్ ప్రవాహమే మేస్త్రీ కేక. 4 మిల్లీ ఆంపియరులు వచ్చినచో "పూర్తిగా మూయుము" అని అర్థము. 20 మిల్లీ ఆంపియరులు వచ్చినచో "పూర్తిగా తెరువుము" అని అర్థము. ఈ రెంటికి నడుమ 16 మిల్లీ ఆంపియరుల మేర కలదు. దానిని నూరు భాగములు చేసినచో ఒక్కొక్క శాతమునకు 0.16 మిల్లీ ఆంపియరు వచ్చును. అనగా 8 వచ్చినచో పాతిక వంతు, 12 వచ్చినచో సగము, 16 వచ్చినచో ముప్పాతిక వంతు తెరువవలెను. యాక్చుయేటరులోని విద్యుత్ వలయము ఈ ఆజ్ఞను ఒక చేతను, పొటెన్షియోమీటరు తెలుపు నిజస్థితిని మరియొక చేతను పట్టుకొని, రెంటిని పోల్చుచుండును. భేద మున్నంతవరకు మోటారు తిరుగును. భేదము పోయినంతనే ఆగును.

ఆజ్ఞను సున్ననుండి కాక 4 నుండి ఏల ప్రారంభించిరని శ్రోతలు అడుగవచ్చును. సున్నయే "మూయుము" అను ఆజ్ఞ యైనచో, తీగ తెగినప్పుడును సున్నయే వచ్చును గదా! మౌనమునకును ఆజ్ఞకును భేదము తెలియదు. 4 నుండి ప్రారంభించినచో, ప్రవాహము అంతకంటె బాగుగా తగ్గినంతనే ఏదో చెడినదని తెలిసిపోవును. పెక్కు పరికరములలో 3.6 మిల్లీ ఆంపియరులకు దిగినచో దానిని దోష సూచనగా గ్రహించు ఏర్పాటున్నది. ఈ యుక్తి విద్యుత్తుతో పుట్టినది కాదు. అంతకుముందే గాలి పీడనముతో వాల్వులను నడుపు పద్ధతి యుండెను. అది నేటికిని కలదు. అందు చదరపు అంగుళమునకు 3 పౌండ్ల పీడనము క్రింది కొస, 15 పౌండ్లు పై కొస. మూడునకు పదునైదు ఎట్లో నాలుగునకు ఇరువది అట్లే. రెండింటను ఒకటికి అయిదు నిష్పత్తియే. సాధనము మారినను వెనుకటివారి వివేకము మారలేదు.

తీగలు బిగించినంత మాత్రమున ఆజ్ఞయు ఆచరణయు ఏకము కావు. ఇందుకు మన రేడియోనే ఉదాహరణముగా తీసికొందము. పాత రేడియోలలో గాజు పలక వెనుక ఒక ముల్లు దారముతో లాగబడి ప్రక్కలకు జరుగును. దారము జారినచో, స్టేషను వినబడు చోటు ఒకటి, ముల్లు చూపు అంకె మరియొకటి యగును. ఈ తప్పు రెండు విధములుగా నుండవచ్చును. ముల్లు పలక పొడవునను ఒకే కొలతగా ప్రక్కకు జరిగి యుండుట మొదటిది. ఒక కొసను సరిగా నుండి, రెండవ కొసకు పోనుపోను ఎడము పెరుగుట రెండవది. యాక్చుయేటరులో మొదటి దానిని సున్న దోష మందురు. రెండవ దానిని స్పాను దోష మందురు. స్పాను అనగా క్రింది కొసనుండి పై కొస వరకు గల మేర. ఈ రెండు దోషములను కనుగొని తొలగించుటకే క్యాలిబ్రేషను అని పేరు. తెలుగున "సరిచూచుట" అన్నచో చాలును.

చిన్న దోషము వలన వచ్చు నష్టమెంత? మూసిన స్థితినుండి తెరచిన స్థితికి 90 డిగ్రీలు తిరుగు వాల్వు నొకదానిని తీసికొందము. 90ని 16తో భాగించినచో ఒక మిల్లీ ఆంపియరునకు రమారమి 5.6 డిగ్రీలు వచ్చును. అర మిల్లీ ఆంపియరు దోషమున్నచో వాల్వు మూడు డిగ్రీల వరకు తప్పుచోట నిలుచును. నడుమ నున్నప్పుడు ఇది అంతగా బాధింపక పోవచ్చును. మూయవలసిన వేళ మూడు డిగ్రీల సందు మిగిలినచో మాత్రము, ఆ సందున అధిక పీడనముతో ఆవిరి చొరబడి వాల్వు పీఠమును కోసివేయును. మొదట వెండ్రుకవాసి గీత, పిదప గాడి. ఆ మీదట ఎంత బిగించినను ఆ వాల్వు మూతపడదు. దోషము రెండవ వైపున నున్నచో, వాల్వు పీఠమును ముట్టిన పిమ్మటను మోటారు ఇంకను నొక్కవలెనని చూచును. అప్పుడు టార్కు స్విచ్చి అడ్డుకొనక పోయినచో వాల్వు కాడ వంగును, లేదా మోటారు కాలును.

సరిచూచు పద్ధతిని ఇప్పుడు క్రమముగా చెప్పుకొందము. ఐ.టి.ఐ.లలోను పాలిటెక్నిక్కులలోను చదువు పిల్లలు మీ యిండ్లలో నున్నచో వారిని కూడ పిలువుడు.

మొట్టమొదటి పని అనుమతి. ఆ వాల్వు నడచుచున్న గొట్టము పైనిదైనచో దానిని తప్పించి ప్రవాహమును వేరు మార్గమునకు మరల్పవలెను, లేదా ఆ భాగమును నిలుపవలెను. మోటారునకు వచ్చు విద్యుత్తును ఆపి, తాళము వేసి, చీటి కట్టిన పిదపనే మూత విప్పవలెను. తొందరలో ఈ మెట్టును దాటినవాని వ్రేళ్ళు పళ్ళచక్రములలో చిక్కిన యెడల ఏ క్యాలిబ్రేషనును వానిని తిరిగి అతికింపలేదు.

రెండవది దిశ. చేతి చక్రముతో వాల్వును నడిమికి తెచ్చి, అప్పుడు విద్యుత్తు నిచ్చి, ఒక్క క్షణము "తెరువు" మీట నొక్కి చూడవలెను. మూడు తీగల మోటారునకు రెండు తీగలు తారుమారైనచో అది వెనుకకు తిరుగును. తెరువుమన్న మూయును, మూయుమన్న తెరచును. వాల్వు కొసలో నున్నప్పుడు ఈ పరీక్ష చేసినచో, ఆపవలసిన స్విచ్చి ఆపక, మోటారు వాల్వును గట్టిగా క్రుమ్మివేయును. నడిమికి తెచ్చుట ఇందు కొరకే.

మూడవది కొసలు. వాల్వును నిజముగా మూతపడు వరకు త్రిప్పి, అచట లిమిట్ స్విచ్చిని అమర్చవలెను. ఆవలి కొసను కూడ అట్లే చేయవలెను. పొటెన్షియోమీటరు ఈ రెండు కొసల నడుమనే తన మేరను నడచునట్లు దాని పళ్ళచక్రమును సరిపెట్టవలెను. ఈ పని ముగియకుండ సంకేతమును సరిచూడబోవుట, పునాది వేయక గోడకు తూకపు గుండు పట్టుట వంటిది.

నాలుగవది సంకేతము. కంట్రోలు రూమునుండి వచ్చు తీగలను విప్పి, వాని స్థానమున నమ్మదగిన ప్రవాహము నిచ్చు పరికరమును కలుపవలెను. ముందుగా దేనిని ముట్టుకొనక, 4, 8, 12, 16, 20 మిల్లీ ఆంపియరులు వరుసగా నిచ్చి, వాల్వు ఎచట నిలిచెనో వ్రాసికొనవలెను. అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఈ మెట్టును విడువరు. దిద్దకముందు యంత్రము ఏ స్థితిలో నున్నదో తెలియనిచో, అది ఎంత కాలములో ఎంత తప్పుచున్నదో ఎన్నటికిని తెలియదు. పిదప 4 ఇచ్చి సున్నను దిద్దవలెను; 20 ఇచ్చి స్పానును దిద్దవలెను. అనేక యంత్రములలో ఒకదానిని కదలించిన రెండవది కొంచెము కదలును. కావున మరల 4, మరల 20. రెండు కొసలును కదలక నిలుచు వరకు ఇట్లు చేయవలెను. అటుపిమ్మట నడిమి అంకెలను ఆరోహణముగా ఒకసారి, అవరోహణముగా ఒకసారి చూడవలెను. ఎక్కునప్పుడు సగము వద్ద నిలిచిన వాల్వు, దిగునప్పుడు అదే 12 వద్ద వేరుచోట నిలిచినచో, పళ్ళచక్రములలోనో కీళ్ళలోనో వదులున్నదని గ్రహింపవలెను. స్క్రూ త్రిప్పిన ఆ జబ్బు కుదరదు. అరిగిన భాగమును మార్చవలెను.

ఇచట ఒక సూక్ష్మ మున్నది. ఆజ్ఞకును స్థితికిని భేదము ఎంత స్వల్పమైనను మోటారు కదలవలెనని నియమించినచో, అది క్షణమైనను ఊరకుండదు. ముందునకు వెనుకకు ఊగులాడుచు వేడెక్కి పోవును. కావున కొంత భేదమును సహించునట్లు ఏర్పాటు చేయుదురు. దీనిని డెడ్ బ్యాండు అందురు. ఇది మరీ తక్కువైనచో మోటారునకు అలసట; మరీ ఎక్కువైనచో వాల్వునకు సోమరితనము. మోటారు ఊగులాట మానునంత మేరకు పెంచి, పనికి కావలసిన ఖచ్చితత్వము చెడకముందే ఆగుట నేర్పరితనము.

అయిదవది మౌన పరీక్ష. తీగను బుద్ధిపూర్వకముగా విప్పి, ఆజ్ఞ లేనప్పుడు వాల్వు ఏమి చేయునో చూడవలెను. కొన్నిటిని ఉన్నచోటనే నిలుచునట్లును, కొన్నిటిని తెరచుకొనునట్లును, కొన్నిటిని మూసికొనునట్లును అమర్చుదురు. ఏది క్షేమమో ఆ గొట్టములోని వస్తువును బట్టి యుండును. కొలిమికి పోవు నూనె వాల్వు మూతపడుట మేలు; చల్లార్చు నీటి వాల్వు తెరచుకొనుట మేలు. మోటారునకే విద్యుత్తు లేకపోయినప్పుడు స్ప్రింగో బ్యాటరీయో లేని యాక్చుయేటరు ఎచటిది అచటనే నిలిచిపోవు నన్నది కూడ మరువరాదు.

నేటి యాక్చుయేటరులలో స్క్రూలకు బదులు మీటలును చిన్న తెరలును వచ్చినవి. తనంతట తానే రెండు కొసలను వెదకి, వానిని గుర్తుంచుకొను యంత్రములును ఉన్నవి. ఇవి మెచ్చదగినవే. కాని వాల్వు పీఠములో ఒక వెల్డింగు తునక చిక్కుకొని యున్నదనుకొందము. బలమును బట్టి కొసను గుర్తించు యంత్రము ఆ తునక కడనే ఆగి, అదియే కొస యని నమ్మును. తెరపై "మూతపడినది, సున్న శాతము" అని అంకె వెలుగును. గొట్టములో ప్రవాహము మాత్రము సాగుచుండును. కంటితో చూచి, చెవితో విని, ప్రవాహము నిజముగా ఆగినదో లేదో తెలిసికొను మనుష్యుని పని ఇంకను తీరలేదు.

ఈ మాటలో అతిశయోక్తి లేదని రెండు సంఘటనలు చెప్పును. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున త్రీ మైల్ ఐలెండు అను చోట అణు విద్యుత్కేంద్ర ముండెను. 1979 మార్చి 28 తెల్లవారుజామున అచట నీటి పంపులు ఆగి, పీడనము పెరిగి, ఒక వాల్వు దానంతట అది తెరచుకొనెను. పీడనము తగ్గినంతనే దానికి మూతపడుమని ఆజ్ఞ వెళ్ళెను. కంట్రోలు రూములోని దీపము ఆరెను. ఆ దీపము చూపినది ఆజ్ఞ వెళ్ళిన సంగతియే గాని వాల్వు మూతపడిన సంగతి కాదు. వాల్వు తెరచుకొనియే ఉండెను. అచటివారు మూతపడినదనియే తలచిరి. రెండు గంటలకు పైగా రియాక్టరును చల్లార్చు నీరు ఆ దారిని బయటికి పోయెను. ఇంధనములో సుమారు సగము కరగిపోయెను. అది యాక్చుయేటరు క్యాలిబ్రేషను దోషము కాదు. కాని ఆజ్ఞను ఆచరణగా భ్రమించినచో ఏమగునో ఇంతకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము అరుదు.

రెండవది సరిగా మన విషయమునకు చేరినది. ఒహయో రాష్ట్రమున ఈరీ సరస్సు ఒడ్డున డేవిస్-బెస్సీ అను అణు విద్యుత్కేంద్రము కలదు. 1985 జూన్ 9 రాత్రి అచట బాయిలర్లకు నీరు ఆగిపోయెను. ఆపత్కాలమున నీరిచ్చు రెండు మార్గములలోని వాల్వులు ఒక తప్పు మీట వలన మూతపడెను. వెంటనే తెరువబోగా మోటారు యాక్చుయేటరులు వానిని తెరువలేకపోయెను. గట్టిగా మూతపడిన వాల్వు తెరచుకొను తొలి క్షణములలో బలము మిక్కిలి కావలెను. ఆ కొద్దిసేపు టార్కు స్విచ్చి అడ్డురాకుండ ఒక స్విచ్చి దానిని ప్రక్కకు తప్పించి యుంచవలెను. ఆ తప్పించు మేరను సరిగా అమర్చలేదు. పీడనము లేని వేళ పరీక్షించినప్పుడు అవి చక్కగా తెరచుకొనుచుండెను. నిజమైన పీడనము ఎదురైన రాత్రి మోటారు మధ్యలో ఆగిపోయెను. అచటి పనివారు పరుగున పోయి చేతి చక్రములతో వాల్వులను తెరచిరి. ప్రమాదము తప్పినది. అదే సంవత్సరము నవంబరులో అమెరికా అణు నియంత్రణ సంఘము అన్ని కేంద్రములకును ఇట్టి వాల్వుల స్విచ్చిల అమరికను సరిచూడుడని ఉత్తరువు పంపెను. 1989 జూనులో దానిని మరింత విస్తరించెను. చూడుడు, ఆ రాత్రి రక్షించినది, జ్ఞాపక చిహ్నమని మేము ముందు చెప్పిన ఆ చేతి చక్రమే!

చివర ఒక ప్రశ్న మిగిలియున్నది. యాక్చుయేటరును సరిచూచు పరికరమే తప్పైనచో? అంగడిలో తూకపు రాయికి ప్రభుత్వ ముద్ర యున్నదా యని మన పెద్దలు చూచెడివారు. ఇచటను అట్లే. ప్రవాహమును కొలుచు పరికరము, తాను సరిచూచు యంత్రము కంటె కనీసము నాలుగు రెట్లు ఖచ్చితముగా నుండవలెనని వాడుకలో నున్న నియమము. ఆ పరికరమును ఇంకను మేలైన దానితో ఒక పరీక్షాశాలలో సరిచూతురు. ఆ పరీక్షాశాల ప్రమాణమును అంతకంటె పై దానితో పోల్చుదురు. ఇట్లు మెట్టుమెట్టుగా పోయినచో మన దేశమున ఆ వరుస న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలను చేరును. ఏ మారుమూల చక్కెర మిల్లులోనో ఒక వాల్వు 12 మిల్లీ ఆంపియరులకు సరిగా సగము తెరచుకొన్నచో, ఆ సగము వెనుక ఇంత పరంపర కలదు.

మెకానిక్కు తన పని ముగించి, దిద్దకముందు అంకెలను, దిద్దిన పిదప అంకెలను, తేదీని, తాను వాడిన పరికరపు సంఖ్యను పుస్తకమున వ్రాసి, చేవ్రాలు చేయును. మూత బిగించును, మూత అంచునగల రబ్బరు పట్టీ సరిగా కూర్చున్నదో లేదో వ్రేలితో తడవి చూచును, లేకున్నచో వచ్చు వానకే లోపల నీరు చేరును. తీగలను యథాస్థానమున కలిపి, కంట్రోలు రూములోని వారితో మాటలాడి, "సగము" అని వారిచేత ఒకసారి ఆజ్ఞ యిప్పించి, వాల్వు కడ తాను నిలిచి చూచును. అచటి అంకెయు ఇచటి ముల్లును ఏకమైనవని ఇరువురును చెప్పుకొన్న తరువాతనే అతడు పనిముట్లు సర్దుకొనును. మీ యింటివారెవరైన ఇట్టి పనిలో నుండి, ఒకనాడు ఆలస్యముగా వచ్చినచో, ఆ చివరి పరీక్షకై నిలిచి యుందురని తలంచి, అన్నము చల్లారకుండ చూడుడు.